లాభం బస్సెక్కలేదు

మొన్న లాంగ్ వీకెండ్‌కి మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఉండే మాస్టర్స్ పిల్లలు రెండు వ్యాన్లు రెంట్ చేసుకుని నయాగరా వెళ్ళారు. దారిలో గ్యాస్ స్టేషన్ దగ్గర ఒకమ్మాయిని వదిలేసి నలభై మైళ్ళు వెళ్ళిపోయారట. మొదటి వ్యాను వాళ్ళు రెండో దాంట్లో ఉందనుకున్నారు, రెండో వాళ్ళు మొదటి దాంట్లో ఉందనుకున్నారు. పాపం ఆ పిల్ల చిప్స్ ప్యాకెట్ పట్టుకుని బయటికొచ్చి చూస్తే పార్కింగ్ లాట్ ఖాళీ. తిరిగొచ్చాక నా దగ్గర కూర్చుని ఈ సంగతి చెప్పి పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వి, "ఎవరర్రా లెక్కపెట్టింది?" అని అడిగాను.

"లెక్కపెట్టడమేంటి ఆంటీ? వియ్ ఆర్ అడల్ట్స్," అన్నాడొకడు.

నాయనా, పదహారేళ్ళు నేను జీతం తీసుకున్నది అడల్ట్స్‌ని లెక్కపెట్టినందుకే. కార్డు మీద టూర్ మేనేజర్ అని గొప్పగా ఉండేది కానీ పని మాత్రం అదే. న్యూజెర్సీలో ఇండియన్ గ్రోసరీకీ టాక్స్ ఆఫీసుకీ మధ్య ఇరుక్కున్న చిన్న ట్రావెల్ ఆఫీసు మాది. నేను చేరింది టికెట్లు బుక్ చేయడానికి. తరువాత మా ఓనరు మనవాళ్ళ కోసం గ్రూప్ టూర్లు మొదలుపెట్టి, ఎవర్ని పంపాలా అని ఆఫీసంతా చూసి, "మీకు గొంతుంది, మీరు వెళ్ళండి," అన్నాడు. నా డిగ్రీ కాదు, నా అనుభవం కాదు, నా గొంతు నచ్చింది ఆయనకి. ముందు కోపమొచ్చింది. తరువాత నాకే అర్థమైంది, విమానాశ్రయంలో ముప్పై మంది తెలుగువాళ్ళని ఒక గేటు దగ్గరికి చేర్చాలంటే డిగ్రీలు పనికిరావని.

నా లెక్కకి ఒక పద్ధతి ఉండేది. బస్సెక్కేటప్పుడు ఒకసారి, తలుపు మూశాక ఒకసారి, కదిలిన నిమిషానికి మరోసారి. ఆ మూడోది ఎందుకంటే, రెండో లెక్క అయ్యాక "ఒక్క నిమిషం" అని బాత్రూంకి దిగిపోయే మహానుభావులు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. అందరూ నన్ను లెక్కల ఆంటీ అని వెక్కిరించేవాళ్ళు. వెక్కిరిస్తే వెక్కిరించారు, పదహారేళ్ళలో నేను ఒక్క మనిషిని కూడా ఎక్కడా వదిలి రాలేదు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతే ఇది.

అప్పట్లో బాల్టిక్ సముద్రంలో తిరిగే క్రూయిజ్ షిప్పులు రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర రెండు రోజులు ఆగేవి. ఇప్పుడు ఆగడం లేదు. షిప్పులో వచ్చినవాళ్ళకి అక్కడ వీసా అక్కర్లేదు, కానీ ఒక షరతుంది. అక్కడి గైడుతో కలిసి దిగాలి, ఆ గైడుతోనే తిరగాలి, మళ్ళీ ఆ గుంపుతోనే షిప్పెక్కాలి. గుంపులోంచి తప్పిపోతే ఆ దేశంలో మీరు ఏ కాగితమూ లేని మనిషి. షిప్పు ఎవరి కోసమూ ఆగదు. అందుకని ఆ ఊరంటే నాకు ముందునుంచీ కొంచెం దడే.

సరిగ్గా ఆ ఊరు వచ్చేసరికి నా గొంతు పోయింది. అంతకు ముందు ఊళ్ళలో వానలో తడిసి, గుంపు వెనక అరిచి అరిచి, ఆ రోజు పొద్దున్న లేచేసరికి నోట్లోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఏ గొంతు చూసి నాకీ ఉద్యోగం ఇచ్చారో ఆ గొంతే లేదు.

మా గుంపులో ఒక పెద్దాయన ఉండేవాడు. మిర్యాలగూడ దగ్గర చాలా ఏళ్ళు రైస్ మిల్లు నడిపి, కూతురి దగ్గర ప్లేనోలో స్థిరపడ్డాడు. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. బస్సులో తలుపు పక్కనున్న మొదటి సీటు ఆయనది, ఇంకెవరూ కూర్చునే వీల్లేదు. నా అవస్థ చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

"నువ్వు కూసో బిడ్డా. వడ్లు కొలిచిన చేతులివి. మనుషుల్ని లెక్కపెట్టలేనా?"

ఆయన తన గుండెమీద చెయ్యి వేసుకుని "లాభం" అన్నాడు. తరువాత వెనక సీటువైపు వేలు చూపించి "రెండు" అన్నాడు. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది అంటూ చివరి సీటుదాకా వెళ్ళి ముప్పై రెండు దగ్గర ఆగాడు. నేను కాక బస్సులో ఉన్నది అంతమందే.

పిల్లలూ, మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. కొలత మంచి మాటతో మొదలవ్వాలని. ఏడు కూడా అనరు, ఏడుపు గుర్తొస్తుందని. ఆరున్నొక్కటి అనేసి దాటేస్తారు. నేను విజయవాడలో పుట్టి పెరిగినదాన్ని, కళ్ళం మొహం చూడకపోయినా మా తాతయ్య నోట విన్నాను. బస్సులో సగం మందికి అదే మొదటిసారి వినడం. భలే నవ్వుకున్నారు.

"బాబాయిగారూ, మిమ్మల్ని మీరే ముందు లెక్కపెట్టుకుంటారేంటి?" అన్నాను గుసగుసగా, కొంచెం ఎత్తిపొడుపుగానే. పదహారేళ్ళలో నన్ను నేను లెక్కలో వేసుకున్నది లేదు మరి.

"లెక్కపెట్టేటోడు లేకుంటే లెక్కెట్ల ఉంటది?" అని కూర్చున్నాడు.

మా గైడు ఇరవై నాలుగేళ్ళ రష్యన్ అమ్మాయి. భాషల మీద చదువుతోందట. ఆ లెక్క వినేసరికి కళ్ళు ఇంతలేసి చేసుకుని నోట్‌బుక్ తీసింది. ఏడు ఎందుకు అనలేదని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. "మా భాషలో ఏడు అన్న మాట కుటుంబం అన్న మాటలో దాక్కుని ఉంటుంది, మాకది మంచి అంకె," అంది. మరి లాభం అంటే ఏమిటి అంది. మంచి మాట, మంచి జరగాలని ముందుగా అంటారు అని చెప్పాను. అది ఒకటి కూడా అని చెప్పాలి. చెప్పలేదు. గొంతు అంతవరకే వచ్చింది, అక్కడ దగ్గు అందుకుంది. జరిగిందంతా ఆ సగం మాటవల్లే.

ఆ రోజంతా ఊళ్ళో తిరిగాం. కాలువలు, వంతెనలు, ఉల్లిపాయ గుమ్మటాల చర్చి, నేలమీద కాలు పెట్టడానికే మొహమాటమేసే రాజభవనం. ఆగిన ప్రతిచోటా పెద్దాయన లెక్కపెట్టాడు, ఆయన పక్కన నిలబడి ఆ అమ్మాయి నేర్చుకుంది. సాయంత్రానికి ముప్పై రెండు దాకా గుక్కతిప్పుకోకుండా అనేస్తోంది. ఆరున్నొక్కటి దగ్గర మాత్రం నాలుక మడతపడి అందర్నీ నవ్వించేది.

గుంపులో ఇంకొకాయన గురించి చెప్పాలి. ఫ్రీమాంట్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మేనేజరు. నేనిచ్చిన ప్రోగ్రాం చాలక తను ఒక స్ప్రెడ్‌షీట్ చేసుకొచ్చాడు. ఎక్కడ ఎన్ని నిమిషాలో, బాత్రూంకి ఎన్ని నిమిషాలో అన్నీ రంగులు వేసి మరీ ఉండేవి. "ఆంటీ, వియ్ ఆర్ సిక్స్ మినిట్స్ బిహైండ్," అని రోజుకి పదిసార్లు నా చెవిలో చెప్పేవాడు. అతన్ని సముద్రంలో తొయ్యాలని నాకు రెండు మూడుసార్లు అనిపించింది.

రెండో రోజు ఊరి బయటున్న పీటర్‌హాఫ్ అనే చోటికి. జార్ చక్రవర్తుల వేసవి కోట, దాని ముందు మెట్లు మెట్లుగా ఫౌంటెన్లు. పొద్దున్న బయల్దేరేటప్పుడు పెద్దాయన భార్య ముందు రోజులాగే మోకాలు పట్టుకుని షిప్పులోనే ఉండిపోయింది.

"నేను ఓడలనే ఉంటా బిడ్డా. ఆయనకు నీళ్ళు కనపడితె మనుషులు కనపడరు. జెర చూసుకో," అంది.

"నేనున్నాగా పిన్నిగారూ," అన్నాను. గొంతు లేకపోయినా గొప్పలకేం తక్కువ లేదు.

ఆ ఫౌంటెన్లు చూడాలి మీరు. బంగారు విగ్రహాలు, వాటి మధ్యనుంచి కొబ్బరిచెట్టంత ఎత్తున లేచే నీళ్ళు. అందరూ సెల్ఫీల్లో పడ్డారు. గైడు అమ్మాయి చెప్పింది, ఇన్ని ఫౌంటెన్లలో ఒక్కదానికీ పంపు లేదు, ఎక్కడో ఎత్తున ఉన్న ఊటల్లోంచి నీళ్ళు పల్లానికి వచ్చే వేగంతోనే ఇలా ఎగురుతాయి అని. నేను పెద్దాయనకి గుసగుసగా తెలుగులో చెప్పాను.

"మోటరు లేకుంట్నా? నేను నమ్మ," అన్నాడు. సాగర్ కాలువ కింద వ్యవసాయం, మిల్లు, బోర్లు, మోటార్లు కాలిపోవడాలు, అన్నీ చూసిన మనిషి. "యాడ్నో దాచిపెట్టి ఉంటరు. ఈ పిల్లకు తెల్వదు."

నేను నవ్వి, ఫొటో తియ్యమని పిలుస్తున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

మధ్యాహ్నం రెండున్నరకి బస్సెక్కాం. అక్కణ్ణుంచి ఊళ్ళో ఒక బొమ్మల షాపుకి వెళ్ళి, అయిదింటికల్లా షిప్పెక్కాలి. ఒకదాంట్లో ఒకటి ఇమిడే చెక్కబొమ్మలు కొనాలని ఆడవాళ్ళందరూ వారం నుంచీ కలలు కంటున్నారు. నేను చివరి సీట్లో కూర్చుని ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగుతున్నాను. ముందు గైడు అమ్మాయి నిలబడింది. మొదటి సీటు వీపుమీద చెయ్యేసి "లాభం!" అంది. బస్సంతా కోరస్‌గా "లాభం!" అని అరిచింది. "రెండు," "మూడు," అంటూ పాటలా సాగింది. ఆరున్నొక్కటి దగ్గర చప్పట్లు కొట్టారు. ముప్పై రెండు వచ్చింది. శిష్యురాలికి పెద్దాయన అవకాశమిచ్చాడు కాబోలు అనుకుని నేను వెనకనుంచి బొటనవేలు చూపించాను. ఎత్తైన సీటు, వెనకనుంచి చూస్తే అందులో మనిషున్నదీ లేనిదీ తెలియదు. తలుపు మూశాక ఇంకోసారి నేనే లెక్కపెట్టాలి. కదిలాక మరోసారి. పెట్టలేదు. అంత బాగా పాడాక మళ్ళీ ఎందుకులే అనిపించింది.

ఇరవై నిమిషాలు పోయాక జంతికల ప్యాకెట్లు పంచాను. న్యూజెర్సీ నుంచి కట్టించి తెచ్చినవి, ఆ పొద్దున్న బస్సులోవాళ్ళకి లెక్కగా ముప్పై రెండు తీసుకొచ్చాను, మనిషికొకటి. చివరికి నా చేతిలో ఒకటి మిగిలింది.

మనవాళ్ళతో పదహారేళ్ళు తిరిగాను. తినే ప్యాకెట్ తక్కువ పడటం చూశాను, మాయమవడం చూశాను, ఒకే చేతికి రెండు వెళ్ళడం చూశాను. మిగలడం అదే మొదటిసారి. ఆ ప్యాకెట్ పట్టుకుని ముందుకు నడిచాను. మొదటి సీటు ఖాళీ. ఆయన టోపీ మాత్రం ఉంది.

టోపీ చేతిలోకి తీసుకుని ఆ సీట్లోనే కూర్చున్నాను. గైడు అమ్మాయి నన్ను చూసింది, ప్యాకెట్‌ని చూసింది, సీటుని చూసింది. పాలిపోయింది.

"లాభం అంటే మనిషా?" అంది నెమ్మదిగా. "నేను దీవెన అనుకున్నాను. మనుషుల లెక్క రెండుతో మొదలవుతుందనుకున్నాను."

ఆ అమ్మాయి ఉద్యోగం, నా పరువు, అన్నిటికీ మించి ఆ పెద్దాయన. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం, రష్యన్ సున్నా. ఫోను షిప్పులో భార్య దగ్గరే ఉంది. వెనక్కి వెళ్తే ముప్పై ఒక్కమందికీ షిప్పు తప్పిపోవచ్చు. బస్సుని ముందుకు పంపి నేనొక్కదాన్నే టాక్సీలో వెళ్దామంటే, గైడు లేకుండా నేనూ కాగితాల్లేని మనిషినే. మైకు తీసుకున్నాను. గొంతు రాలేదు. ఆ అమ్మాయే ఇంగ్లీషులో చెప్పింది.

ఫ్రీమాంట్ మేనేజరు లేచి వస్తుంటే, ఇప్పుడు ఇతను చెప్పేది వినే ఓపిక నాకు లేదనుకున్నాను.

"ఆంటీ, టైముంది," అన్నాడు ఫోను చూపిస్తూ. "షాపింగ్ స్కిప్ చేస్తే ఫార్టీఫైవ్ మినిట్స్. ట్రాఫిక్‌కని నేను ట్వంటీ ప్యాడ్ చేశాను, అది కూడా ఉంది. వెనక్కెళ్ళి, వెతికి, మూడు నలభైఅయిదుకి అక్కడ స్టార్ట్ అయితే అయిదుకి పది నిమిషాల ముందు పోర్ట్‌లో ఉంటాం. కానీ త్రీ ఫార్టీఫైవ్ అంటే త్రీ ఫార్టీఫైవే. తరువాత నేను గ్యారంటీ ఇవ్వలేను."

తరువాత బస్సువైపు తిరిగి, "షాపా, అంకులా?" అని అడిగాడు.

"అంకులే!" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఆ వెంటనే వెనకనుంచి ఎవరిదో నిట్టూర్పు కూడా వినపడింది. దాన్ని నేను తప్పుపట్టను, ఆవిడ పదకొండు బొమ్మలకి లిస్టు రాసుకుంది.

బస్సు వెనక్కి తిరిగింది. దిగి నేనూ ఆ అమ్మాయీ పరుగులు. ఆ జనంలో పిలుద్దామంటే గొంతేదీ? ఫౌంటెన్ల దగ్గర లేడు. బెంచీల మీద లేడు. ఆ అమ్మాయి గేటు దగ్గర గార్డుల్ని అడుగుతోంది. నాకు ఏడుపొస్తోంది. అప్పుడు పిన్నిగారి మాట గుర్తొచ్చింది. ఆయనకి నీళ్ళు కనపడితే మనుషులు కనపడరు. నీళ్ళు పడే చోట మనుషులుంటారు. ఈయన నమ్మలేదు కదా, నీళ్ళు వచ్చే చోట ఉంటాడు.

ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కోట వెనక్కి, ఎత్తున ఉన్న తోటలోకి లాక్కెళ్ళాను. తోట చివర, ఒక నీటి గుండం పక్కన, ఇద్దరు ముసలివాళ్ళు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఒకాయన ఆకుపచ్చ బట్టల్లో ఉన్న తోటమాలి. రెండో ఆయన మన లాభం. మట్టిలో పుల్లతో ఏదో గీస్తున్నారు. ఈయన తెలుగులో చెప్తున్నాడు, ఆయన రష్యన్‌లో చెప్తున్నాడు, ఇద్దరూ ఒకరికొకరు అర్థమైనట్టే తలలూపుతున్నారు.

నన్ను చూసి పెద్దాయన మొహం వెలిగిపోయింది. "నిజంగనే మోటరు లేదు బిడ్డా! పై నుంచి కాలువ తోలుకొచ్చిన్రు. చూడు, ఈయన అంత గీసి చూపెట్టిండు. అందరు వచ్చిన్రా? బస్సుకు టైమైందా?"

బస్సు వెళ్ళిందనీ, మళ్ళీ వచ్చిందనీ ఆయనకి తెలియనే తెలియదు. తిట్టాలని నోరు తెరిచాను. ఉస్సు ఉస్సుమని గాలి వచ్చింది. ఆ దేవుడు సమయం చూసే నా గొంతు తీసుకున్నాడనుకుంటాను. గైడు అమ్మాయి అయితే ఆయన్ని పట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే తను లెక్క ఎలా పెట్టిందో చేసి చూపించింది, గాలిలో సీటుమీద చెయ్యేసి, లాభం, రెండు, మూడు అని.

పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు. "నేను లేకుంట లాభం యాడికెల్లి వచ్చింది బిడ్డా?"

మూడు నలభై మూడుకి బస్సు కదిలింది. ఈసారి ఆ అమ్మాయి, నేను, మేనేజరు విడివిడిగా లెక్కపెట్టాం. దారంతా పెద్దాయన మైకు తీసుకుని, మోటారు లేకుండా నీళ్ళు ఎలా ఎగురుతాయో బస్సుకంతా చెప్పాడు. బొమ్మలు పోయినావిడ కూడా విన్నది.

పోర్టు చేరేసరికి అయిదుకి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. పాస్‌పోర్టులు చూపించుకుని అందరూ పరుగుమీద షిప్పు నిచ్చెన దగ్గరికి వచ్చారు. గైడు అమ్మాయి ఒక్కొక్కరినీ కావలించుకుని గేటు అవతలే ఉండిపోయింది. నేను నిచ్చెన కింద పక్కగా నిలబడి, ఎక్కుతున్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెడుతున్నాను. పెద్దాయన నిచ్చెన పైన, తలుపు దగ్గర నిలబడి తన లెక్క తను పెడుతున్నాడు. ముప్పై రెండూ ఎక్కారు. నాకు ఊపిరి వచ్చింది. అక్కడే ఒక దిమ్మమీద కూర్చుండిపోయాను.

పైనుంచి పెద్దాయన గట్టిగా అరిచాడు. "బిడ్డా, ఒకరు తక్కువున్నరు!"

మళ్ళీనా? దిగ్గున లేచాను. ఆ భయానికి రెండు రోజులుగా పోయిన గొంతు కీచుమంటూ తిరిగొచ్చింది.

"ఎవరండీ బాబాయిగారూ?"

"నువ్వే. ఎక్కు!"

వెనక్కి తిరిగి చూస్తే నిచ్చెన తీసెయ్యడానికి ఇద్దరు మనుషులు చేతులు కట్టుకుని నాకోసం చూస్తున్నారు. రేవులో నేనొక్కదాన్నే ఉన్నాను. పరుగెత్తాను. పైన ఆయన నా తలమీద చెయ్యిపెట్టి "ముప్పై మూడు" అన్నాక గానీ లోపలికి కదల్లేదు. నాకు కన్నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు.

పిన్నిగారికి నేనే వెళ్ళి చెప్పాను, మీ ఆయన్ని గంటసేపు వదిలేశానని. ఆవిడ మోకాలికి మందు రాసుకుంటూ, "గంటేనా? నేను నలభై ఏండ్లల్ల శాన సార్లు వదిలేసిన. నీళ్ళకాడ్నే దొరుకుతడు," అంది.

ఆ గైడు అమ్మాయి ఇప్పటికీ మెసేజ్ పెడుతుంది. షిప్పులు లేవు కాబట్టి స్కూలు పిల్లల్ని మ్యూజియంలకి తీసుకెళ్తోందట. గుండెమీద చెయ్యేసుకుని లాభంతోనే లెక్క మొదలుపెడుతుందట. పిల్లలు అదేదో మంత్రమనుకుంటారట.

నయాగరా పిల్లలకి ఈ కథంతా చెప్పాక పోయిన ఆదివారం నన్ను కూడా వ్యానులో గుడికి తీసుకెళ్ళారు. తిరిగి బయల్దేరేముందు, లెక్క మీరే పెట్టండి ఆంటీ అన్నారు. గుండెమీద చెయ్యేసుకుని "లాభం" అన్నాను. ఆ గ్యాస్ స్టేషన్ అమ్మాయి వెనకనుంచి, "లాభం ఎవరు ఆంటీ?" అంది.

"నేనే," అని చెప్పి, ఆ పిల్లవైపు వేలు చూపించి "రెండు" అన్నాను.